తలుపు తీసిన కాయ

కన్నీరు లేని ముఖాన్ని చూసి నేనెందుకు భయపడ్డాను?

శ్యామగిరి కొలువుకూటంలో, రంగుల బేహారి వేషంలో, తలపాగా కళ్ళ మీదికి లాక్కొని నిలబడి నన్ను నేను అడిగిన ప్రశ్న ఇది. ఎదురుగా సింహాసనం మీద మా బావ ఉదగ్రసేన మహారాజు కూర్చుని ఉన్నాడు. కిందటి శరత్తులో ఆయన ఒక్కగానొక్క కొడుకు, మా అక్క కేతకీదేవి కన్న పల్లవుడు, విషజ్వరంతో పోయినప్పుడు ఈ మనిషే కోటగోడకు తల బాదుకున్నాడని, ఆ ఆక్రందన విని ఏనుగులు మేత ముట్టలేదని మా కుంభినీపురం దాకా వార్త వచ్చింది. ఇప్పుడు ఆ ముఖం తుడిచిన పలకలా ఉంది. నుదుట ముడత లేదు. చూపులో తడి లేదు. ఉన్నదేమిటో కూడా తెలియడం లేదు.

"మహారాజులకు క్షేమమేనా?" అని వంగి అడిగాను.

"సుఖమే" అన్నాడు.

"మహారాణీవారికి?"

"సుఖమే."

"ఈ ఏడు మీ కొండల మీద వానలు తక్కువని విన్నాను..."

"సుఖమే."

నా వెనుక పట్టుబట్టల మూట మోస్తూ నిలబడ్డ పోలడు నా చెవి దగ్గరికి వంగాడు. ఒకప్పుడు ఎన్నో కోటల ఖజానాలకు కన్నం వేసిన గజదొంగ వాడు. ఉరికొయ్య మీంచి నేను దింపించిన నాటి నుంచి నా నీడ. "ప్రభూ, పంజరంలో చిలకైనా ఇంతకన్న నాలుగు మాటలు ఎక్కువ నేర్చుకుంటుంది" అని గొణిగాడు.

అప్పుడే బావ పక్కకు తల తిప్పాడు. మెడ వెనుక, జుట్టు మొదలయ్యే చోట, కుంకుడుగింజ పట్టేంత గుండ్రని రంధ్రం. దాని అంచుకు సన్నని బంగారు కట్టు. లోపల చీకటి.

నేను చదివిన గ్రంథాలన్నీ దుఃఖం లేని స్థితినే పరమపదమన్నాయి. ఆ స్థితి కిరీటం పెట్టుకొని ఎదుట కూర్చుంటే నా కాలు దానంతటదే ఒక అడుగు వెనక్కి వేసింది. గ్రంథాలు అబద్ధమా, నా కాలు అబద్ధమా? తేల్చుకోవడానికి వ్యవధి లేదు. ఆ మధ్యాహ్నమే మా అక్కకు ద్వారోత్సవం.

శ్యామగిరిని ఎరుగనివారికి ఈ మాట అర్థం కాదు. ఆ రాజ్యానికి పంట పొలాలు లేవు. మంచు కరిగి జారే కొండవాలుల నిండా మాచిమానులు. మొసలి వీపు వంటి బెరడు, రంపపు పళ్ళ వంటి అంచులున్న ఆకులు, ఒక్కొక్క మానుకు ఒక్కొక్క మండపమంత నీడ. ఆ మానుల లేత కొమ్మలకు వైశాఖంలో బుడిపెలు పుడతాయి. ఆకుపచ్చగా మొదలై, నీలి ఛాయ తిరిగి, ఉసిరికాయంత అయి, కొండంతా ఇంద్రనీలాలు గుచ్చినట్టు మెరుస్తాయి. అవే మాచికాయలు. వాటి వగరు రసంలో ఇనుపరజను కలిపితే ఏ ఉతుకుకూ వెలవని నలుపు వస్తుంది. లోకంలోని రాజులందరి విలాపవస్త్రాలకూ, శాసనాలు రాసే సిరాకూ ఆ నలుపే.

కోతకు స్త్రీలు వెళతారు. ప్రతి కాయనూ బొటనవేలితో నొక్కి చూస్తారు. బరువుగా, గట్టిగా ఉంటే నిండుకాయ, బుట్టలో వేస్తారు. వేలికి చిన్న రంధ్రం తగిలితే తలుపు తీసిన కాయ. అందులో రసం ఉండదు, బోలు. దానిని కొమ్మకే వదిలి కళ్ళకద్దుకుంటారు. ఎందుకంటే, కాయలోని పురుగును వాళ్ళు జీవుడంటారు. అది రెక్కలు తొడిగి బయటికి ఎగిరిన రంధ్రాన్ని మోక్షద్వారమంటారు. నిండుకాయలను మరిగించి జీవులను చంపుతున్నామన్న పాపభీతితో ప్రతి మానుకూ తూర్పుకొమ్మను కోయకుండా విడిచిపెడతారు. జీవుల కొమ్మ అని దానికి పేరు.

నిజమేమిటంటే, చివుళ్ళు విప్పకముందే, కొండ మీద మనిషి అడుగు పడని చలిలో, ఒక నల్లని చిన్న కందిరీగ మొగ్గను కుట్టి గుడ్డు పెడుతుంది. చెట్టు తన రసంతో, తన పీచుతో ఆ పురుగు చుట్టూ గది కడుతుంది. పురుగు ఆ గదిని లోపలినుంచి తిని, గోడ తొలుచుకొని పోతుంది. అది లోపలికి పోవడం శ్యామగిరిలో ఎవరూ చూడలేదు. బయటికి రావడమే చూశారు. వాళ్ళ వేదాంతమంతా ఆ ఒక్క పొరపాటు మీద కట్టిన గుడి.

ఆ గుడిలోకి కాలభృంగుడనే మాంత్రికుడు గురువు వేషంలో నడిచి వచ్చాడు. పల్లవుడు పోయిన నెలలోనే వచ్చాడు. చెట్టుకు లభించే ముక్తి మనిషికెందుకు లభించదని అడిగాడు. మనిషి మెడను కుట్టే కందిరీగలు వాడి దగ్గర ఉన్నాయి.

నేను వచ్చే దారిలో కుముదవతి అనే ఊరిని చూశాను. వాడు ముందు అడుగుపెట్టిన ఊరు. అరుగుల మీద మనుషులు కూర్చుని ఉన్నారు. కట్టు విప్పేవారు లేక దూడలు తల్లుల ఎదుటే చచ్చి పడి ఉన్నాయి. పలకరిస్తే అందరూ సుఖమే అన్నారు.

*

అంతఃపుర ద్వారం దగ్గర ఈటె పట్టుకున్న ప్రతీహారి మమ్మల్ని ఆపింది. ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి. పోలడి మీసాల వైపు అనుమానంగా చూసింది.

"ఏమోయ్ బేహారీ, ఆ మీసం నలుపు నిజమైనదేనా?"

"తమరి కోపం నిజమైనదైతే నా మీసమూ నిజమైనదే తల్లీ. రెండూ ఒకే రంగు కొప్పెరలో ముంచినట్టున్నాయి."

ఆమె నవ్వు ఆపుకోలేక ఈటె పక్కకు తీసింది. పోలడు ఆమె ముందు పట్టుబట్టలు పరచి, బేరం మొదలుపెట్టి, గడప అంతా ఆక్రమించాడు. నేను లోపలికి జారుకున్నాను.

నల్లరాతి గది. గోడలకు నల్లని తెరలు. తెరల మీద వెండితీగతో అల్లిన మాచి ఆకులు. గవాక్షం నుంచి పడే ఎండ ఆ వెండి మీద నిలిచి, నేల మీద ఆకునీడలు కదులుతున్నట్టు భ్రమ పుట్టిస్తోంది. అక్క నాకు వీపు పెట్టి కూర్చుంది.

"వేషం వేసుకుంటే చాలుననుకున్నావట్రా ధృతీ?" అంది, వెనక్కి తిరగకుండానే. "ఆ నడక ఎక్కడ దాస్తావు? పుట్టినప్పటి నుంచీ ఎడమకాలు ఈడ్చే వేస్తావు."

"అక్కా, లే. ఏటి ఒడ్డున గుర్రాలున్నాయి. ఇంటికి పోదాం."

"ఏ ఇంటికి? వాడు లేని ఇళ్ళలో ఏ ఇల్లు మంచిది?"

జవాబు చెప్పబోయేంతలో అడుగుల చప్పుడైంది. నేను తెర వెనక్కి తప్పుకున్నాను. చేతిలో కర్ర, నడుముకు కోతబుట్ట కట్టుకున్న ఒక ముసలమ్మ వచ్చింది. కోత స్త్రీలకు పెద్ద, నాగసాని. అక్క జడ పైకెత్తి పట్టుకుంది. మెడ మీద నిమ్మపండంత బుడిపె, నీలి ఛాయ తిరిగి, ముత్యాల వలలో నగలా అమర్చి ఉంది. నాగసాని దానిని బొటనవేలితో మెల్లగా నొక్కి చూసింది.

"నిండుకాయ తల్లీ! నా ఆయుష్షులో ఇంత చక్కని కాయ నొక్కలేదు. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి తలుపు తీస్తుంది."

"నొప్పి ఉంటుందా అవ్వా?"

"చెట్టును ఎప్పుడైనా అడిగామా తల్లీ?" అని బోసినోటితో నవ్వింది. "నీ పుణ్యాన మా కోడలికీ కాయ కట్టింది. మొగుడు పోయిన దగ్గర నుంచి అన్నం మానేసింది. ఇక దానికి ఏ బాధా లేదు."

ఆ ముసలి కళ్ళలో కపటం వెతికాను. లేదు. కపటం ఉంటే నాకు పని తేలికయ్యేది.

ఆమె వెళ్ళగానే అక్క పాదాల దగ్గర మోకరిల్లాను. కుముదవతి సంగతి చెప్పాను. కందిరీగ సంగతి చెప్పాను. ఆమె నెమ్మదిగా అంతా విన్నది.

"పురుగంటావు. సరే, పురుగే అనుకో. అది తినేది నా దుఃఖాన్నయితే తిననీ."

"దుఃఖాన్ని ఒక్కదానినే ఏరుకొని తినే పురుగు ఉంటుందా అక్కా?"

"ఉండదని నీకు తెలుసా?"

నేను అబద్ధం చెప్పి ఉండవలసింది. "తెలియదు" అన్నాను.

"మరి నాకు తెలిసింది చెబుతాను విను. రోజూ తెల్లవారగానే లేస్తాను. లేచిన మొదటి క్షణంలో వాడు పోయినట్టు గుర్తుండదు. రెండో క్షణంలో గుర్తొస్తుంది. అంటే రోజూ నా కొడుకు నాకు కొత్తగా చనిపోతున్నాడు. నీ గ్రంథాల్లో దీనికి మందుందా?"

నేను ఆమె చేయి పట్టుకొని లేపబోయాను.

"చిన్నవాడివి. నన్ను ఎత్తుకుపోవాలని చూస్తావు, నిన్ను చంపుతారు. నీ చావు కూడా నేను చూడలేనురా." ఆమె నా తల నిమిరి, అదే చేత్తో పక్కనున్న గంట మోగించింది. "వీణ్ణి ఉత్సవం అయ్యేదాకా కట్టిపెట్టండి. దెబ్బ తగలకూడదు" అంది, లోపలికి వచ్చిన భటులతో.

తోడబుట్టిన ప్రేమే నన్ను కట్టి అప్పగించింది. దానితో పోరాడే విద్య నాకు ఎవరూ నేర్పలేదు.

*

దెబ్బ తగలకూడదన్న రాణి ఆజ్ఞ అంతఃపురం గడప దాటలేదు. పోలడినీ నన్నూ కాళ్ళూ చేతులూ కట్టి కాలభృంగుడి ముందు పడవేశారు.

సన్నని నడుము, పొడుగాటి చేతులు, నూనె రాసినట్టు మెరిసే నల్లని శరీరం. వయసు పోల్చుకోలేని ముఖం. వాడి పక్కన ఇనుపచువ్వల పంజరంలో ఒక మాచిమొక్క ఉంది. మోకాలెత్తు కూడా లేదు. కానీ కొమ్మ కొమ్మకూ కాయలు, ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ. గాలి లేని ఆ గదిలో అవి సన్నగా వణుకుతున్నాయి.

"కుంభినీపురం యువరాజు ధృతవర్మ కదూ! గ్రంథాలు చదివేవాడివని విన్నాను. సంతోషం. చదువుకున్నవాళ్ళు నాకు తొందరగా లొంగుతారు. నా సరుకు పేరు వాళ్ళకు ముందే తెలుసు."

"నీ సరుకు బోలు మనుషులు."

"ముక్తుడికీ బోలు మనిషికీ తేడా ఏమిటో చెప్పు. ఇక్కడే వదిలేస్తాను."

పోలడు అందుకొని, "ముక్తుడు కనీసం తాగడానికైనా పొరుగువాడి ఆవు పాలు పితుకుతాడయ్యా, నీ వాళ్ళు దూడ కట్టు కూడా విప్పరు!" అన్నాడు. భటుడు వాడి నోటి మీద తన్నాడు.

కాలభృంగుడు పంజరంలోకి వేలు పెట్టి ఒక కాయను తాకాడు. అది మరింత వణికింది. "మీ బావ ఇక్కడున్నాడు. పైకొమ్మ మీద సేనాపతి. కింద మంత్రి, ఆయన భార్య. మనిషి మెడలోంచి వచ్చిన కందిరీగ ఆ మనిషి ప్రాణసారమంతా మోసుకొస్తుంది. మళ్ళీ చెట్టుదైనా మనిషిదైనా ఏ పచ్చి ఒంటిని కుడితే అందులో దింపుతుంది. నేను ఈ మొక్కను చూపిస్తాను. ఈ కాయల రసం తాగి బతుకుతున్నాను." నా ముఖంలోకి చూసి నవ్వాడు. "ఎవరి దుఃఖమూ పోలేదు యువరాజా. చోటు మారింది, అంతే."

"ఆ కందిరీగను చంపితే?"

"మోసుకొచ్చిన ప్రాణం దానితోనే పోతుంది. చంపుకో."

వాడు అంత నిర్భయంగా ఎందుకు చెబుతున్నాడో తరువాతి ఆజ్ఞతో తెలిసింది. "వీళ్ళను కాయలతో పాటు మరిగించండి."

రంగుశాల. ఏనుగును ముంచదగ్గ రాగి కొప్పెర, దాని కింద గర్జించే మంటలు, లోపల బుడగలు పగిలే నల్లని కషాయం. పైకప్పు గిలకకు వేలాడే తాటివలలో నిండుకాయలు. ఆ కాయల మీదే మమ్మల్ని పడేసి, వలమూతి బిగించి, తాడు వదలడం మొదలుపెట్టారు. వల జానెడు జానెడు దిగుతోంది. వగరు ఆవిరి గొంతులో ముళ్ళలా దిగింది.

"పోలా, నీ విద్య ఏదీ?"

"జుట్టుముడిలో ఉంది ప్రభూ. మీ పళ్ళతో తీయండి. నా మొహం మీద మీ మొహం పడుతోందని సిగ్గుపడకండి!"

వాడి ముడిలోంచి చిన్న ఉక్కురంపాన్ని పళ్ళతో లాగాను. వాడి వేళ్ళకు అందించాను. వాడు తన కట్లు కోసుకొని నా కట్లు కోస్తుండగా, ఆవిరి వేడికి నా ముఖం పక్కనే ఒక కాయ చిట్లింది. అందులోంచి వచ్చింది నల్లని కందిరీగ కాదు. పచ్చబంగారంలా మెరిసే మరొక చిన్న ఈగ. తోక వెనుక తన ఒంటికన్న పొడవైన సూది. అది ఒళ్ళు విదిలించుకొని, పక్కనున్న నిండుకాయ మీదికి ఎక్కి, ఆ సూదిని గోడ గుండా లోపలికి దించింది. కాయలో కదులుతున్న సన్నని గరగర చప్పుడు ఒక్కసారిగా ఆగిపోయింది.

పోలడు రంపం ఆపి నోరు తెరిచాడు. "ప్రభూ! దొంగ ఇంటికి కన్నం వేస్తున్న దొంగ!"

"పట్టుకో. నలపకు. రెక్క విరగకూడదు."

అక్క మెడలోని పురుగు ఇంకా బయటికి రాలేదు. ప్రాణసారాన్ని అది ఇంకా మోసుకుపోలేదు. గోడ తొలిచేలోగా దానిని లోపలే కదలకుండా చేయగలిగితే ఆమె ఆమెగానే మిగులుతుంది. చాలాకాలానికి నాలో ఆశ వంటిది కదిలింది. దానిని నమ్మడానికి మనసు ఒప్పలేదు గాని, వదలడానికి చేయి ఒప్పలేదు.

పోలడు ఈగను తన మొలలోని వెదురుగొట్టంలోకి తోలి, మూతకు గుడ్డపీలిక దోపాడు. రంపంతో వలను చీల్చాడు. కాయలు కషాయంలోకి వర్షంలా రాలాయి. మేము తాడు పట్టుకొని ఊగి, కొప్పెర అంచు మీది నుంచి దాటి, ఆరవేసిన నల్లపట్టు గుడ్డల మధ్యకు దూకాము. గుడ్డలకు రంగు వేసే రంగరేజులు కేకలు వేస్తూ ఇనుపగరిటెలతో వెంటబడ్డారు. పోలడు దండెం తాళ్ళు కోశాడు. తడిగుడ్డలు బరువుగా వాళ్ళ మీద కూలాయి. ఆ గుడ్డల్లోంచి రెండు లాక్కొని, దండేనికి తగిలించే రెండు ఇత్తడివలయాలు, లక్కముద్ద ఒకటి అందుకొని, గోడ దూకి పరిగెత్తాము.

*

కొండ మీద అన్నిటికన్న ముదిమాను కింద వేదిక కట్టారు. దాని ముందు ముక్తులు వరుసలు తీరి కూర్చున్నారు. తల నుంచి పాదం దాకా నల్లని గుడ్డ కప్పుకొని, కళ్ళూ, ముక్కూ, మెడవెనుక బంగారుకట్టూ మాత్రం కనిపించేలా. మేము గుడ్డలు కప్పుకొని, ఇత్తడివలయాలను మెడకు లక్కతో అంటించుకొని, వేదికకు దగ్గరగా ఆ వరుసలో కలిసిపోయాము. నా ఎడమవైపు ఒక వృద్ధుడు. అతడి ముక్కు మీద ఈగ వాలి కంటిలోకి పాకింది. అతడు రెప్ప వేయలేదు.

"ప్రభూ," అన్నాడు పోలడు పెదవి కదపకుండా, "బతికుండి శవంలా కూర్చోవడం కన్నా కన్నం వేయడం సుఖం."

"ఆ మాట అనకు."

"ఏ మాట?"

"సుఖం."

అక్కను తీసుకొచ్చారు. శంఖాలు, కొమ్ముబూరలు. కొండవాలంతా జనం, ప్రతి ముఖంలో ఆనందం. తల్లులు పిల్లలను భుజాలకెత్తి చూపిస్తున్నారు. పొద్దు నడినెత్తికి ఇంకా కొంచెం తక్కువ. నా పథకం చిన్నది. అందరూ తలలు వంచి నమస్కరించే క్షణంలో పోలడు వేదిక వెనుకకు పాకి, గొట్టం మూత తీసి, అక్క మెడకు ఆనించాలి.

అంతలో నాగసాని వరుస మొదట నిలబడింది. ఉత్సవానికి ముందు ప్రతి ముక్తుడి మెడనూ నొక్కి చూడడం ఆచారమట. నాకు ఎవరూ చెప్పలేదు. బొటనవేలు ఒక్కొక్క మెడనూ తాకుతూ వస్తోంది. నా దగ్గరికి వచ్చింది. వేలు వలయం అంచును తాకి, ఆమె చూపు వేదిక మీద ఉండడం వల్ల, ముందుకు కదిలింది.

పోలడి మెడకు ఒకప్పుడు ఉరితాడు పడింది. అప్పటి నుంచి అక్కడ ఎవరు తాకినా వాడికి చక్కిలిగింత. ఆ సంగతి వాడికి తెలుసు, నాకు తెలుసు, ఆ తొందరలో ఇద్దరికీ గుర్తు రాలేదు.

ముక్తుల నిశ్శబ్దంలో పోలడు కిసుక్కున నవ్వాడు.

"ఇది నవ్వింది!" అని నాగసాని వెనక్కి పడింది. "ముక్తుడు నవ్వాడు!"

భటులు వాడి మీద పడ్డారు. వాడు నా వైపు చూడకుండా, నాకు దూరంగా, ఎదురుదిక్కుకు వాళ్ళను లాక్కుపోతూ కొట్టుకున్నాడు. పది చేతుల కింద వాడి చేయి ఒక్కసారి పైకి లేచింది. వేళ్ళ మధ్య వెదురుగొట్టం. నా వైపు విసిరాడు. అది నా మోకాలికి జానెడు దూరంలో పడింది. పరిగెత్తి వస్తున్న ఒక భటుడి పాదం దాని మీద పడింది.

చిన్న చప్పుడు. గొట్టం చీలికలైంది. చీలికల మధ్య పచ్చబంగారు రంగు మరక.

నేను ముక్తుడిలాగే కదలకుండా కూర్చున్నాను. ఆ క్షణంలో అది వేషం కాదేమో.

పొద్దు నడినెత్తికి వచ్చింది. అక్క జడ పైకెత్తారు. నీలి బుడిపె మీద సూదిమొనంత నలుపు కనిపించింది. అది పెరిగింది. గోడ తొలుస్తున్న గరగర శబ్దం జనమంతా వినేంత నిశ్శబ్దం. అక్క కళ్ళు మూసుకొని ఉంది. ముఖంలోంచి ఒక్కొక్క గీతే చెరిగిపోతోంది. ఎంత అలసిన ముఖమో అది చెరుగుతుంటేనే తెలిసింది. నిజం చెప్పాలి: ఒక్క క్షణం ఆమెను చూసి అసూయపడ్డాను.

అప్పుడు ఆమె కళ్ళు తెరిచింది.

"వాడు..." అంది. ఏదో వెతుక్కుంటున్నట్టు పెదవులు కదిలాయి. "ఎర్రని టోపీ... ఉండేది. ఎవరిది అది?" చేతులు గాలిలో ఒక పిల్లవాడి ఎత్తును కొలిచి, అక్కడ ఏముండాలో తెలియక ఆగిపోయాయి. "వాడి పేరు... అవ్వా, వాడి పేరేమిటి?"

నాగసాని చేతులు జోడించి కన్నీళ్ళతో నవ్వుతోంది. జనం నవ్వుతున్నారు. ఎవరూ చెప్పలేదు.

నేను లేచి గుడ్డ విసిరేశాను. "పల్లవుడు! అక్కా, పల్లవుడు!"

ఆమె నన్ను చూసింది. గుర్తుపట్టింది. ఆ కళ్ళలో నేను అంతవరకు ఎవరిలోనూ చూడని భయం.

"ధృతీ, వద్దురా. ఏడుపు పోతే చాలుననుకున్నాను. వాడు పోతున్నాడు. మూయించు, దీన్ని మూ..."

పెదవులు ఆగాయి. భయం కూడా చెరిగిపోయింది. ముఖం తుడిచిన పలక అయింది.

"సుఖమే" అంది మా అక్క.

శంఖాలు ఒక్కసారిగా మోగాయి. ఆమె భుజం మీద నల్లని కందిరీగ తడిరెక్కలు విప్పుకుంటోంది. ఆమె నవ్వులు, ఆమె తిట్లు, ఎర్రటోపీ, రోజూ తెల్లవారగానే కొత్తగా చనిపోయే పిల్లవాడు, అంతా ఆ గింజంత ఒంటిలో ఉంది. కాలభృంగుడు పంజరం తలుపు తెరిచి మాచిమొక్కను దాని దగ్గరికి తెస్తున్నాడు. లేత చివురు గాలిలో ఊగింది. భటులు పోలణ్ణి వదిలి నా వైపు తిరిగారు.

చంపితే అక్క చస్తుంది. విడిచిపెడితే ఆ కొమ్మ మీద వణుకుతూ, వాడికి పానీయమవుతుంది. నా దగ్గర మందు లేదు, మంత్రం లేదు, ఈగ లేదు. పచ్చి ఒళ్ళు ఒక్కటి ఉంది. అందులో కాయ కట్టి పండేదాకా ఆమె ఎక్కడో ఒకచోట ఉంటుంది. ఆ తరువాత మెడ తొలుచుకొని అది నన్ను కూడా మోసుకుపోతుంది. ఈలోగా దారి దొరుకుతుందని ఏ గ్రంథమూ చెప్పలేదు, నేనూ నమ్మలేదు.

వేదిక మీదికి దూకాను. ఈటె ఒకటి తొడను చీల్చింది. కాలభృంగుడు మొదటిసారి కేక పెట్టాడు. కందిరీగ చివురు వైపు ముందరి కాలు చాచింది. రెండు చేతులా దానిని దోసిట పట్టి, రెక్క నలగకుండా, నా కంఠం గుంటలో ఆనించి పట్టుకున్నాను.

అది కుట్టింది.